మీ ఇల్లు బాగుంది

ఫిబ్రవరి 9

ఇవాళ మొదటిసారి పక్కన ఎవరూ లేకుండా లారీ తీశాను. నాకు నేర్పిన డ్రైవర్ బాబాయ్ గేటు దాకా వచ్చి, అద్దాలు చూసుకో తల్లీ, మిగతాది బండే చూసుకుంటుంది అన్నాడు. యార్డులో అందరూ నన్ను టీచరమ్మా అంటారు. రూల్సు పుస్తకం చివరి పేజీ దాకా చదివింది నేనొక్కదాన్నేనట. మా ఇంట్లో బడి మెట్లెక్కింది కూడా నేనే మొదట. అమ్మ మాత్రం ఇరుగుపొరుగుకు, మా పెద్దది ఆఫీసులో చేస్తుందనే చెబుతోంది. అబద్ధమేం కాదులే, ఆఫీసుకు చక్రాలున్నాయంతే అన్నాను. అమ్మ నవ్వలేదు.

లాంగ్ రూటే అడిగి తీసుకున్నాను. లోకల్ కంటే జీతం బాగా ఎక్కువ. చెల్లి ఫార్మసీ రెండో ఏడాదిలో ఉంది. దాని ఫీజూ హాస్టలూ నా జీతంలోంచే వెళ్లాలి. మా ఆయన ఇంట్లోనే మిషన్ మీద బట్టలు కుడతాడు, పాపను చూసుకుంటాడు. అన్నీ ఆలోచించే చేశాను. ఆలోచించనిది ఒక్కటే. పాప నా షర్టు బొత్తాం పట్టుకుంటే గాని నిద్రపోదు. ఆ షర్టు నా ఒంటిమీదే వచ్చేసింది.

ఫిబ్రవరి 20, సరుకు దించే డాక్ దగ్గర

సరుకు దించుకునేవాళ్లు ఇంకా పిలవలేదు. మా ఆయనకు ఫోన్ చేస్తే, మాట్లాడే తీరిక లేదు, పొద్దున్నే ఇచ్చెయ్యాల్సిన బట్టలున్నాయి అన్నాడు. మాట్లాడొద్దు, ఫోన్ మిషన్ పక్కన పెట్టెయ్ చాలు అన్నాను. పిచ్చిదానా అన్నాడు. పెట్టాడు.

చాలాసేపు విన్నాను. మిషన్ కాసేపు వేగంగా నడుస్తుంది, కాసేపు ఆగుతుంది. ఆగినప్పుడల్లా దారం పళ్లతో తెంపుతున్నాడని తెలిసిపోతుంది. ఒకసారి కత్తెర కింద పడింది. నాన్నా నేను తియ్యనా అంది పాప. వద్దు, కాళ్లు జాగ్రత్త అన్నాడు. క్యాబిన్‌లో నేనూ జాగ్రత్త అన్నాను. అక్కడ వినిపించినట్టు లేదు.

మార్చి 1

ఇంట్లో ఒక రోజు. పడుకుని లేచేసరికి అయిపోయింది.

మార్చి 2

నిన్నటి సంగతి సరిగ్గా రాయాలి. అన్నం తిని ఒక్క కునుకు తీద్దామని ఒరిగాను. లేచేసరికి చీకటి పడింది. అంతసేపూ పాప మునివేళ్ల మీద నడిచిందట. అమ్మ అలిసిపోయింది, చప్పుడు చెయ్యకు అని నాన్న చెప్పాడట. లేపాల్సింది కదా అని మా ఆయన మీద ఎగిరాను. లేపి ఉంటే ఎందుకు లేపావని ఎగిరేదానివి అన్నాడు. నిజమే. కానీ ఇల్లంతా పిల్లిలా తిరిగిన నా పిల్లను నేను చూడనే లేదు.

మార్చి 17

ఫోన్‌లో పాప, అమ్మా, మా ఇంటికి ఎప్పుడొస్తావ్ అని అడిగింది.

మన ఇంటికి అనాలి బంగారం అన్నాను.

మా ఇంటికి, అంది మళ్లీ.

మా ఆయన ఫోన్ లాక్కుని నవ్వాడు. మూడేళ్ల పిల్లకు మా ఏమిటి, మన ఏమిటి, నీ చదువంతా దానిమీద చూపించకు అన్నాడు. నేనూ నవ్వాను. కానీ ఆ పిల్ల వాళ్ల నాన్నతో మన మిషన్, మన తలుపు అంటుంది. ఎదురింటివాళ్లతో మా మిషన్, మా తలుపు అంటుంది. ఎవరితో ఏది అనాలో దానికి బాగా తెలుసు.

ఏప్రిల్ 11, మధ్యాహ్నం

రూలు ప్రకారం నడపనిచ్చే గంటలు అయిపోయాయి. రేపటిదాకా బండి కదపకూడదు, సరుకుంది గనక వదిలి వెళ్లకూడదు. ఇల్లు ఇక్కడికి గంట దూరం.

అదే రోజు, సాయంత్రం

బస్సెక్కి ఇద్దరూ వచ్చారు. లారీల మధ్య దుమ్ములోంచి పాపను భుజాన వేసుకుని మా ఆయన నడిచి వస్తుంటే, ముందు వాళ్లేనని అనుకోలేదు. ఎవరో ఎంత అదృష్టవంతులు అనుకున్నాను.

పాప మెట్లు పట్టుకుని తనే క్యాబిన్‌లోకి ఎక్కింది. సీట్ల వెనక నా పడక, మడత పెట్టిన దుప్పటి, తాడు కట్టి ఆరేసిన తువ్వాలు, ఒక్కొక్కటీ చేత్తో తాకి చూసింది. పడక మీదికి ఎక్కబోయి, ఆగి, చెప్పులు విప్పింది. ఇంట్లో మంచం మీదికి చెప్పులతోనే ఎక్కేస్తుంది. తర్వాత చేతులు ఒళ్లో పెట్టుకుని బుద్ధిగా కూర్చుని, మీ ఇల్లు బాగుంది అమ్మా అంది.

ఈసారి మా ఆయన నవ్వలేదు.

ఏప్రిల్ 14

డ్యూటీలు వేసే సార్ పిలిచాడు. గోడౌన్ నుంచి ఊళ్లో దుకాణాలకు తిరిగే బండి ఖాళీ అయిందట. రోజూ సాయంత్రానికి ఇంటికి వెళ్లిపోవచ్చు. జీతం మాత్రం ఇప్పటిదాంట్లో సగానికి కాస్త పైన. ఇది కొత్తవాళ్లకు దొరికేది కాదు, బండి మీద గీత కూడా పడనివ్వవు గనక అడుగుతున్నా, శనివారంలోగా తేల్చు టీచరమ్మా అన్నాడు.

ఇంటికొచ్చి మా ఆయన్ను అడిగాను. రమ్మంటే మీ చెల్లి చదువు నేను ఆపినట్టు, వద్దంటే పాపకు తల్లిని లేకుండా చేసినట్టు, నా నోటినుంచి ఏదీ రాదు అన్నాడు. ఆ తర్వాత చాలాసేపు సూదిలోకి దారం ఎక్కించలేకపోయాడు.

ఏప్రిల్ 16

పాప అన్న మాటా, సార్ అడిగిందీ చెల్లికి చెప్పాను. అది కోపంగా, ఇన్నాళ్లూ ఎందుకు దాచావక్కా, పాప ఫోటోలు పంపిస్తుంటే అంతా బాగుందనుకున్నా అంది. హాస్టల్ ఖాళీ చేసి మీ దగ్గరికొచ్చేస్తా, అక్కణ్ణించే కాలేజీకి తిరుగుతా అంది. పోను రెండు గంటలు, రాను రెండు గంటలు, ఇంకెప్పుడు చదువుతావే అన్నాను. బస్సులో, అంది. నిలబడి వెళ్లే బస్సులోనా అన్నాను. నువ్వు లారీలో కాపురం పెట్టావు, నేను బస్సులో నాలుగు పేజీలు తిప్పలేనా అంది.

సరేనంటే, దాని రోజులోంచి కోసి నా పాపకు పెట్టినట్టే. వద్దంటే, పాప రోజుల్లోంచి కోసి దానికి పెడుతున్నట్టే. ఇంత చదివీ మూడో దారి కనిపెట్టలేకపోయాను.

ఏప్రిల్ 18

సరేనన్నాను. చెల్లికి ముందు. సార్‌కి తర్వాత.

మే 20

ఒకే గదిలో నలుగురం. రాత్రి చెల్లి వచ్చేసరికి పాప నిద్రపోయి ఉంటుంది, పొద్దున పాప లేచేసరికి చెల్లి వెళ్లిపోయి ఉంటుంది. కంచం ముందే కునికిపాట్లు పడుతుంది. ఒక సబ్జెక్టు పోయిందట. మళ్లీ రాస్తాలే అంటూ చెయ్యి కడుక్కుంది. అడగాల్సినవి చాలా ఉన్నాయి. అడిగేలోపే నిద్రపోయింది. చెప్పులు కూడా విప్పలేదు, నేనే విప్పాను.

పిన్ని ఎప్పుడొస్తుంది అని పాప రోజూ నన్నే అడుగుతోంది.

జూన్ 3

సాయంత్రం ఇంటికొచ్చాను. గుమ్మంలో పాప బొమ్మలను వరసగా కూర్చోబెట్టి చదివిస్తోంది. తల ఎత్తలేదు. మన బడికి వెలుతురు రావట్లేదు, అడ్డు తప్పుకో అంది.

తప్పుకున్నాను.