లాభం, రెండు, మూడు

కర్నూలు,
8 అక్టోబరు 2006.

అమ్మకు,

శ్రీవాణి నమస్కారాలు. నువ్వు పూట మానకుండా తింటున్నావనీ, బాగున్నావనీ నమ్ముతున్నాను. ఇక్కడ మేమూ క్షేమమని ఎప్పటిలా రాయబోయి ఆగాను. తమ్ముడికి జ్వరం లేదు, తలలో కుట్లు మానాయి. అంతవరకే క్షేమం.

నువ్వడిగినవాటికి ముందు జవాబులు. ప్రదీపు నడుస్తున్నాడు, గోడ పట్టుకుని. కుడికాలు నేలను ఊడ్చుకుంటూ వస్తుంది. అన్నం ఎడమచేత్తోనే. "నలుగురిలో ఆ చేత్తో తిననియ్యొద్దు" అని రాశావు. ఆ చెయ్యొక్కటే వాడి మాట వింటోందమ్మా. నా చదువు సంగతీ అడిగావు. ఎం.సి.ఏ. పుస్తకాలు మంచం కోళ్ల కింద పెట్టాను, వాడి తలవైపు ఎత్తుగా ఉండాలన్నారని.

రోడ్డు మీద నూర్పిడికి పరిచిన శనగచెట్లపై బండి జారి వాడి తల పగిలినప్పటినుంచి ఒక్క మాటా లేదు కదా. ఇక్కడి ఆస్పత్రిలో మాటలు నేర్పే గాబ్రియేలు సార్ రోజూ వేలు చూపించి "ఒకటి అనప్పా" అనేవాడు. ఒకరోజు వీడు "లాభం" అన్నాడు. సార్ తప్పన్నట్టు తలూపితే నాకు నవ్వొచ్చింది. "మాది అంగడి సార్. కొలిచేటప్పుడు ఒకటి అనం. లాభం, రెండు, మూడు అంటాం" అన్నాను. ఆయనా నవ్వాడు.

ఆ సంబరంలోనే నీకు ఫోన్ చేసి వాడిచేత అనిపించాను. నువ్వు అంగట్లో అందరికీ వినబడేలా, "సూడండప్పా, నా కొడుకు లెక్క పెడతాండాడు! దీపావళికి గల్లాపెట్టె కాడ కూర్చుంటాడు!" అని అరిచావు. "అవునా పాపా?" అంటే అవునన్నాను. అప్పటినుంచీ అవునంటూనే ఉన్నాను. నీ పక్కన కేశవులు మామ ఉంటాడు, బేరానికొచ్చిన జనం ఉంటారు. ఫోన్లో చెప్పలేకే ఇది రాస్తున్నాను.

రెండో వేలుకీ వాడు లాభమనే అన్నాడమ్మా. మూడో వేలుకీ అదే. నీళ్లు కావాలన్నా లాభం. ఒంటికి పోవాలన్నా లాభం. నీ ఫోటో చూపిస్తే లాభం. మొన్న గోడకి తల కొట్టుకుంటుంటే అడ్డం పోయాను. నన్ను కొట్టాడు. కొట్టి, ఏడ్చి, నా చెంప నిమురుతూ "లాభం, లాభం" అన్నాడు.

"అది లెక్క కాదుమ్మా" అన్నాడు సార్. "మనం అనేది వానికి అర్థమయితాది. వాడు అనుకునేది ఒకటి, నోట్లో నుంచి వచ్చేది ఆ మాట. అదొకటే మిగిలిండాది." ఇన్ని నెలలైనా రెండో మాట రాలేదు. ఇక సాధన ఇంటి దగ్గరే చేయించుకోమన్నారు. శుక్రవారం బస్సుకి వస్తున్నాం.

నిన్న ఆస్పత్రి గేటు దగ్గర బొరుగులమ్మే సోమక్క ఎవరికో పడితో కొలుస్తూ "లాభం" అంది. వీడు గిరుక్కున తిరిగాడు. ఆ మొహం నువ్వు చూడాల్సింది. తన భాష మాట్లాడే మనిషి దొరికిందనుకున్నాడు. కాలీడ్చుకుంటూ పోయి, చెయ్యి ఊపుతూ, "లాభం, లాభం, లాభం" అని ఇన్నాళ్లదీ ఆమెకు చెప్పుకోవడం మొదలుపెట్టాడు. సోమక్క "రెండు" అంది. ఆగాడు. "మూడు" అంది. "ఏం పాపా, నీ తమ్మునికి బొరుగులు కావాలంటనా?" అని నవ్వింది. వాడు ఆమె నోటివంకే చూస్తూ నిలబడ్డాడు. ఆమె నోట ఆ మాట మళ్లీ రాలేదు. అక్కడే మట్టిలో కూలబడి ఏడ్చాడు. లేపడం నా వల్ల కాలేదు. నేనూ పక్కనే కూర్చున్నాను.

దీపావళికి గల్లాపెట్టె దగ్గర మామనే కూర్చోబెట్టు.

ఇంకొకటి అడగాలి. మన అంగట్లో పొద్దస్తమానం వినబడేది ఆ మాటే. విన్న ప్రతిసారీ వాడు లోపలినుంచి గోడ పట్టుకుని వస్తాడు, ఎవరో తనతో మాట్లాడుతున్నారని. నాయన పోయాక అంగడి మళ్లీ తెరిచిన రోజు కూడా నువ్వు కళ్లు తుడుచుకుని ఆ మాటతోనే కొలత మొదలుపెట్టావు. నాకు తెలుసు. జనం ఏమన్నా అననీ. శుక్రవారం నుంచి, మొదటి పడికి, ఒకటి అనమ్మా.

ఇట్లు,
నీకు ఇన్నాళ్లూ అవునని చెప్పిన
నీ కూతురు
శ్రీవాణి