పరగడుపు మాత్ర

ఆర్‌ఎంపీ డాక్టరు బాబాయ్ గారికి,

సూర్యలంక నుంచి గంగాధర్ భార్యను రాస్తున్నాను. మీ క్లినిక్కు తీసే ఉందని విన్నాను, కాబట్టి మీరు క్షేమమే. మా ఆయన్ని మొన్న తెనాలి ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చుకున్నాం. జానెడు పేగు కోసేశారు. ఇక వల లాగకూడదన్నారు.

నడుం నొప్పికి మీరు మూడేళ్లుగా ఇచ్చిన మాత్రల వల్లేనట. పేగు లోపల పల్చటి పొర ఉంటుందట. తిన్నదాంట్లో సారాన్ని ఒంట్లోకి వదిలి, క్రిముల్ని అక్కడే ఆపుతుందట. ఆ పొర పుండై, చిల్లుపడి, మురికంతా కడుపులోకి దిగింది. పెద్ద డాక్టరు ఇది చెబుతుంటే మా ఆయన, "వల చిరిగినట్టేనా అండి" అని అడిగాడు. వలలో ఒక్క పోగు తెగినా ముడెయ్యకుండా పడవెక్కని మనిషి.

వాంతవుతుందని వేటకెళ్లేవాళ్లు తిని పడవెక్కరు. అందుకే అప్పట్లో మిమ్మల్ని అడిగాను, పరగడుపున వేసుకోవచ్చా అని. "పేగులేమన్నా అరిగిపోతాయా ఏంటమ్మా" అని నవ్వారు. ఆ తర్వాత రోజూ తెల్లారకముందే ఆయన చేతిలో మాత్ర పెట్టింది నేనే. ఆ మాట ఆయన ఇంతవరకూ అనలేదు.

నిన్న మా మరిది బాపయ్య చొక్కా ఉతకబోతే జేబులో మీ పొట్లం దొరికింది. అవే మాత్రలు. వాళ్ల అన్న ఆసుపత్రిలో ఉండగానే ఇచ్చారట.

ఆ పొట్లం ఈ ఉత్తరంతోనే పంపుతున్నాను. మీక్కూడా నడుం నొప్పి ఉందన్నారుగా. రేపటి నుంచి వేసుకోండి, ఏమీ తినకుండా.

గంగాధర్ భార్య