ఒక్క టిక్కు

2013 అక్టోబర్ 7, సోమవారం. పార్సిప్పనీ, అమెరికా

స్క్రీన్ మీద మళ్లీ అదే ఎర్ర లైను — ఈ అకౌంట్‌కు అనుమతి లేదు. సేల్స్ వాళ్ల సాఫ్ట్‌వేర్‌లోని ఆర్డర్ గోడౌన్ వాళ్ల సాఫ్ట్‌వేర్‌లో పడాలి. అంతే నా పని. కోడ్ రాసి వారం దాటింది. రెండింటినీ కలిపే అకౌంట్‌కు చదివే పర్మిషన్ ఉంది, రాసే పర్మిషన్ లేదు. ఒక్క టిక్కు పెట్టాలి. అది పెట్టగలిగేది గోడౌన్ సాఫ్ట్‌వేర్ చూసే సుధాకర్ గారొక్కరే. రోజూ నన్ను ఆఫీసుకు తీసుకెళ్లేదీ ఆయన కారే.

శుక్రవారానికి ఇది నడవకపోతే నా కాంట్రాక్ట్ పొడిగించరు. అప్పుడు హెచ్-వన్ వీసా ఏమవుతుందో... రాయబుద్ధి కావడం లేదు.

8, మంగళ

కారులో మళ్లీ అడిగాను. పోయిన వారం సోమవారం నుంచి అడుగుతూనే ఉన్నాను. "ఇవాళ చేసేద్దాంలేమ్మా." పోనీ సిస్టంలో రిక్వెస్ట్ టికెట్ వేయనా అంటే — "మనలో మనకి టికెట్ ఏంటమ్మా? మా మేనేజర్ దాకా పోద్ది, లేనిపోని గొడవ." సరే అన్నాను.

సాయంత్రం. చేయలేదు. మర్చిపోయాడట. ఇంటిదాకా కొత్త కారు మైలేజీ కబుర్లే.

9, బుధ

ఒళ్లు మండిపోతోంది.

స్టేటస్ కాల్‌లో లిండా అడిగింది, ఇంకా ఎందుకు కాలేదని. నా మేనేజర్ కదా, అడుగుతుంది. పర్మిషన్ రాలేదన్నాను. సుధాకర్ గారు ఎంతో మర్యాదగా, ఇంగ్లీషులో — "ఆమె నుంచి మాకు ఏ రిక్వెస్టూ రాలేదు." టికెట్ లేదు, మెయిల్ లేదు. ఉన్నవల్లా కారులో మాటలు. నా చెప్పుతో నన్నే కొట్టుకోవాలి.

వెంటనే టికెట్ వేశాను. ఐదు పనిదినాలు పడుతుందని జవాబు.

తిరిగొచ్చేటప్పుడు — "అక్కడ అలా అనాల్సొచ్చిందమ్మా. ఏమీ అనుకోకు." టికెట్ వద్దన్నది ఎవరు? అడగలేకపోయాను. ఆయన మీదకంటే నా మీదే ఎక్కువ కోపం.

10, గురు

టాక్సీలో వెళ్లాను. తిన్నగా ఆయన సీటు దగ్గరికి. "ఇప్పుడే చేయండి, నేను చూస్తుండగా." చేశాడు. నిమిషం పట్టలేదు. దీనికా పది రోజులు తిప్పాడు!

ఆర్డర్ వెళ్లింది. గోడౌన్‌లో పడింది. సంతోషం మాత్రం రాలేదు.

11, శుక్ర

పొడిగింపు ఆపారు. ఆలస్యం ఎవరివల్లో తేలాలట. లిండా మెయిల్: పర్మిషన్ మొదటిసారి ఎప్పుడు అడిగావు, ఎవరిని అడిగావు, సోమవారంలోగా రాసి పంపు.

12, శని

సుధాకర్ గారి భార్య వనజక్క ఫోన్. "ఆయన గ్రీన్ కార్డ్ ప్రాసెస్‌లో ఉందే. ఈ టైంలో పేరు రానీకు." నేను దిగిన కొత్తలో నెల రోజులు అన్నం పెట్టిన మనిషి. ఏం చెప్పను... చూస్తానక్కా అన్నాను. ఆయనే అడగొచ్చుగా? స్టేటస్ కాల్‌లో అంత బాగా మాట్లాడాడే.

13, ఆది

అక్టోబర్ 9 అని రాస్తే టికెట్‌తో సరిపోతుంది. తప్పు నాదవుతుంది. కారులో మొదట అడిగిన సెప్టెంబర్ 30 అని రాస్తే రుజువేదంటారు.

సెప్టెంబర్ 30 అని టైప్ చేశాను. కింద ఆయన పూర్తి పేరు. స్పెల్లింగ్ రెండుసార్లు చూసుకున్నాను.

ఇంకా పంపలేదు.