అత్తయ్య, నీళ్ల మెషీన్

మార్చి 3
మా ఆసుపత్రికి కొత్త మెషీన్ వచ్చింది. తలుపులో పట్టకపోతే చట్రం ఊడదీసి మరీ లోపలికి తోశారు. చూడ్డానికి పడుకునే బల్లలాగే ఉంది. మధ్యలో గుండ్రటి రంధ్రం, దాని కింద గోరువెచ్చని నీళ్లు. బోర్లా పడుకుంటే చాలు, శబ్దతరంగాలు నీళ్లలో చుట్టూ తిరిగి రొమ్ము లోపలి బొమ్మ గీస్తాయి. నొక్కడం లేదు, ఎక్స్‌రే లేదు.

రొమ్ము క్యాన్సర్ పట్టుకోవడంలో ఇది ఆ రెండూ చేసే పాత మామోగ్రామ్ పక్కన నిలబడగలదో లేదో మేం తేల్చాలి. వచ్చిన ప్రతి ఒక్కరికీ రెండూ తీస్తాం. పాత మెషీన్ బొమ్మలు పెద్ద డాక్టరుగారు చదువుతారు, కొత్తవి నేను. బొమ్మల మీద నంబర్లే, పేర్లుండవు. ఇద్దరం రాయడం అయ్యేదాకా ఒకరి రిపోర్ట్ ఒకరు చూడకూడదు.

నాకు కాళ్లు నేల మీద ఆనడం లేదు.

మార్చి 11
ఒక్కరూ రావడం లేదు. ట్రయల్ అనగానే, మేమేమన్నా ఎలుకలమా అని ఒకావిడ మా టెక్నీషియన్‌ని అడిగి వెళ్లిపోయిందట.

మార్చి 12
భోజనాల దగ్గర ముఖం వేలాడేసుకుని ఆ సంగతి చెప్పాను. అత్తయ్య కంచంలోంచి తలెత్తకుండానే, నేనొస్తాలే అన్నారు. మా ఆయనకు పొలమారింది.

మార్చి 14
అత్తయ్య నీళ్ల మెషీన్ మీద నిద్రపోయారు. గురక కూడా. టెక్నీషియన్ లేపబోతే, ఇంకాసేపు ఉండనీ తల్లీ, మా ఇంట్లో ఇంత సుఖం ఎక్కడిది అన్నారట.

గొడవ ఆ తర్వాత. మామోగ్రామ్ అంటే అత్తయ్యకి పడదు. ఎప్పుడో ఒకసారి చేయించుకుని దానికి ఇస్త్రీ పెట్టె అని పేరు పెట్టారు. మళ్లీ దాని కింద పెట్టనని భీష్మించుకు కూచున్నారు. నన్ను పక్కకు పిలిచి, ఇక్కడ నీ మాటే కదా చెల్లేది, అయిపోయిందని ఒక టిక్కు పెట్టెయ్, ఎవడు చూడొచ్చాడు అన్నారు. డెబ్భై ఏళ్ల మనిషి, చిన్నపిల్లలా బతిమాలారు. నేను కాస్త మెత్తబడ్డాను. మెత్తబడినందుకు నా మీద నాకే కోపం వచ్చి, కుదరదత్తయ్యా అనేశాను, కొంచెం గట్టిగానే.

కోడలివా, పోలీసువా అన్నారు. చేయించుకున్నారు. బయటికొచ్చి, నా వంక చూడకుండా బస్సెక్కి వెళ్లిపోయారు.

మార్చి 15
అత్తయ్య నాతో మాట్లాడటం లేదు. ఉప్పు కావాలంటే మా ఆయనతో చెప్పి అడిగిస్తున్నారు. ఉప్పు నా చేతిలోనే ఉంది.

మార్చి 20
కోపం నా మీదేగాని మెషీన్ మీద లేదు. పార్కులో తనతో నడిచే ఆడవాళ్లందర్నీ వెంటేసుకొచ్చారు. వెయిటింగ్ రూమ్‌లో కుర్చీలు చాల్లేదు. నిలబడి ఉపన్యాసం ఇచ్చారట: నీళ్ల మెషీన్ హాయిగా ఉంటుంది, రెండోది మాత్రం పళ్లు బిగబట్టి ఓర్చుకోవాలి, ఎగ్గొడదామనుకోకండి, మా కోడలు దేవుడొచ్చినా వదలదు. ఆ చివరి మాట అనేటప్పుడు ఆవిడ గొంతు చూడాల్సింది మేడమ్, అని టెక్నీషియన్ నవ్వింది.

ఇంట్లో ఉప్పు ఇంకా మా ఆయన మీదుగానే నడుస్తోంది.

ఏప్రిల్ 2
ఒక టీచరమ్మకి నా బొమ్మలో చిన్న గడ్డ కనిపించింది. ఆవిడ రొమ్ము కణజాలం చిక్కటిది, మామోగ్రామ్‌లో అంతా తెలుపే, మంచులో తెల్లకుందేలును వెతికినట్టు. బయాప్సీలో నిజమేనని తేలింది. తొలిదశ, నయమైపోతుంది. పెద్ద డాక్టరుగారు కళ్లజోడు తుడుచుకుని, ఇది నా కంటికి ఆనలేదమ్మా, మంచి మెషీనే అన్నారు. నేనూ టెక్నీషియనూ మెట్ల దగ్గర చేతులు పట్టుకుని గంతులేశాం. ఒకరికి క్యాన్సర్ అని తేలితే గంతులేంటని సిగ్గేసింది. అయినా ఆగలేదు.

ఏప్రిల్ 5, మధ్యాహ్నం
జనం ఎక్కువై మార్చి మధ్య నుంచీ పేరుకుపోయిన బొమ్మలన్నీ ఇవాళ్టికి పూర్తయ్యాయి. పెద్ద డాక్టరుగారు పిలిచి కూర్చోమన్నారు. ఆయన ఎవర్నీ కూర్చోమనరు.

ఒక నంబరు దగ్గర మా రిపోర్టులు కలవలేదు. ఆయన బొమ్మలో సున్నపు రవ్వలు, ఇసుక చల్లినట్టు, ఒక్కచోట గుంపుగా, క్యాన్సర్ మొదలేమోనని అనుమానించేలా. నేనేమో ఏమీ లేదని రాశాను. పేరు తీసి చూశారు. అత్తయ్య.

నా బొమ్మ మళ్లీ తెరిచాను. తెలిసి చూసినా కనబడలేదు. అంత సన్నటి రవ్వలు నీళ్ల మెషీన్‌కి దొరకవు.

సాయంత్రం
చెప్పాను. సూదితో ముక్క తీసి పరీక్షించాలనీ చెప్పాను. అత్తయ్య మార్చి నుంచీ మొదటిసారి నాతో నేరుగా మాట్లాడారు. నువ్వు ఆ టిక్కు పెట్టి ఊరుకుని ఉంటే ఏమయ్యేదే, అన్నారు. సర్లే ఏడవకు, సూదేగా అని నా వీపు నిమిరారు. ఎవరికి ఎవరు ధైర్యం చెప్పాలి అసలు.

ఏప్రిల్ 13
బయాప్సీ వచ్చింది. క్యాన్సరే, కానీ పాలనాళాల లోపలే ఉంది. గోడ దాటలేదు. తీసేస్తే సరిపోతుందంటున్నారు. మా ఆయన బాత్రూమ్‌లో కుళాయి తిప్పుకుని ఏడ్చి, జలుబని చెప్పాడు.

ఏప్రిల్ 27
ఆపరేషన్ అయింది. తీసిన ముక్క అంచులు శుభ్రం, క్యాన్సర్ మిగల్లేదు.

జులై 8
ట్రయల్ రిపోర్ట్ పంపాను. చిక్కటి రొమ్ముల్లో కొత్త మెషీన్ చూసేది పాతదానికి కనబడదు, రవ్వల దగ్గర పాతదే గతి, ఒకదాని బదులు ఇంకొకటి పనికిరాదు, రెండూ ఉండాలి. మెషీన్ కంపెనీ మనిషి ఫోన్ చేసి, రవ్వలు దొరకని ఆ ఒక్క కేసునీ చివరి పేజీలో పెట్టకూడదా అని మర్యాదగా అడిగాడు. మొదటి పేజీలోనే ఉంటుందని నేనూ అంతే మర్యాదగా చెప్పాను.

అత్తయ్యకి రేడియేషన్ అయిపోయింది. తిండి సహిస్తోంది. తన పేరు ఎన్నో పేజీలో ఉందని అడిగారు. పేర్లు వెయ్యరత్తయ్యా అంటే, అయితే ఇంత చదువూ దేనికి అన్నారు.

ఆగస్టు 19, ఉదయం
పక్కింటావిడ తడి దుప్పటి మా బాల్కనీలోకి కారుతోందని అత్తయ్య పోట్లాట పెట్టుకున్నారు. గొంతు వీధి చివరిదాకా వినిపిస్తోంది. మా ఆయన ఆపడానికి లేచాడు.

చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాను. నన్ను ఆ గొంతు విననీ.