గోడకెక్కిన రత్నం నవ్వు

అక్కయ్యా, రత్నం తన ఫోటో పెద్దది చేయించి హాల్లో గోడకు పెట్టమంది! నేను అడగలేదు, అమ్మాయి అడగలేదు, తనంతట తానే నోరు తెరిచి అడిగింది! గోడకు ఫోటో అనగానే నీ గుండె గుభేలుమని ఉంటుంది. దండ వేసే ఫోటో కాదులే తల్లీ, మనిషి గుండ్రాయిలా ఉంది, ఈ నిమిషాన వంటింట్లో పప్పుకు తాలింపు పెడుతోంది. ఆ ఫోటో చిన్నది ఒకటి ఈ ఉత్తరంలోనే పెట్టాను. నీ ఫోనులో బొమ్మలు రావు కదా. అయితే ముందే చూడొద్దు. ముందే చూస్తే నీకు నవ్వొక్కటే వస్తుంది. నాకు నవ్వూ ఏడుపూ రెండూ వచ్చాయి, నీకూ రెండూ రావాలి. అంతా చదివాక చూడు.

సుశీలక్కయ్యకు తమ్ముడు కోటేశ్వరరావు చేతులెత్తి పెట్టే నమస్కారాలు. సంతోషంలో ఈ ముక్క వెనకబడింది, ఏమీ అనుకోకు. ఇక్కడ మేమంతా కులాసా. నీ కాలికి కట్టు ఎప్పుడు విప్పుతారట? సరిగ్గా మేనకోడలి పెళ్లి ముందే వాకిట్లో జారాలా నువ్వు! బావగారికి కాఫీ కలపడం వచ్చిందా, ఇంకా డికాషన్‌లోనే పంచదార పోస్తున్నారా? గేదె ఈనిందా? రేపల్లెలో వానలు ఎలా ఉన్నాయి? ఇక్కడ శ్రావణం మొదలైన దగ్గర్నుంచీ ముసురే. కిటికీ తెరిస్తే కింద కొత్తగూడ ఫ్లైఓవరు, దానిమీద కార్ల వరస, వాటి నెత్తిన వాన. పొద్దున చూసిన కారు, పప్పు ఉడికి మళ్లీ వచ్చి చూసినా అక్కడే ఉంటుంది.

పెళ్లి బాగా జరిగిందని ఫోనులో చెప్పాను గానీ నీకు సగమే వినపడింది, అవునవును అంటూనే ఉన్నావు. అందుకే అసలు సంగతి రాస్తున్నాను.

రత్నానికి మొహంలో నరం చచ్చుపడి మూతి ఒక పక్కకు పోయిన సంగతి నీకు తెలియంది కాదు. డాక్టర్ల కోసమే కదా అమ్మాయి స్రవంతి మమ్మల్ని ఇక్కడికి తీసుకొచ్చింది, నా సైకిలు షాపుకు తాళం వేయించి. మందులు వాడాం, బుగ్గకు కరెంటు పెట్టించాం, అద్దం ముందు వ్యాయామాలు చేయించాం. చాలా వరకు తగ్గింది అక్కయ్యా, నిజంగా తగ్గింది, నువ్వేమీ బెంగపెట్టుకోకు. అన్నం తింటుంది, మాట స్పష్టంగా వస్తుంది. కాకపోతే నవ్వితే ఎడమవైపు లేవదు, కుడివైపే లేస్తుంది. అందుకని ఆ మనిషి నవ్వడమే మానేసింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకోవడం అలవాటు చేసుకుంది. అపార్టుమెంటులో ఇంతమంది ఆడవాళ్లు సాయంత్రాలు కింద బెంచీల మీద కూర్చుంటారా, ఒక్కనాడూ దిగలేదు. నేనొక్కణ్ణే దిగి గేటు దగ్గర వాచ్‌మన్‌తో కబుర్లు చెప్పుకుని వచ్చేవాణ్ణి. మన బజారులో నేను షాపు తీస్తే పదిమంది పలకరించేవాళ్లు. ఇక్కడ లిఫ్టులో మనిషి ఎదురైతే ఫోన్లో తల దూరుస్తాడు. అమ్మాయి పనికి వెళ్లాక ఇద్దరం మనుషులమున్నా ఇల్లు మూగగా ఉండేదంటే నమ్ము.

అమ్మాయికి సంబంధం కుదిరింది కదా, నవీన్ వాళ్లది ఈ పక్కనే నానక్‌రామ్‌గూడ. ఆ పెద్ద పెద్ద ఆఫీసు బిల్డింగులు లేవకముందు నుంచీ అక్కడే ఉన్నవాళ్లు. మంచి మనుషులు. నిశ్చితార్థం నాడు పిలిచిన ఫోటోగ్రాఫరు మాత్రం రత్నాన్ని నిలబెట్టి, "మేడమ్, కొంచెం నవ్వండి. ఇంకొంచెం. మేడమ్, అటు కాదు, రెండువైపులా నవ్వండి" అన్నాడు. పాపం అతనికేం తెలుసు! అందరినీ అడిగినట్టే అడిగాడు. రత్నం లోపలి గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. భోజనానికి కూడా రాలేదు. ఇంటికి వచ్చాక నాతో ఒకే మాట అంది, "ఏవండీ, కన్యాదానానికి నేను పీటల మీద కూర్చోను. మా తమ్ముడూ మరదలూ కూర్చుంటారు. కలకాలం ఉండే ఫోటోలు, దాని పెళ్లి ఆల్బమంతా నా వంకర మొహంతో పాడుచెయ్యను."

ఎంత చెప్పినా వినదే! ఒక్కగానొక్క కూతురు, కన్నతల్లి బతికుండగా పీటల మీద వేరే వాళ్లా? స్రవంతి ఏడ్చింది, నేను కోప్పడ్డాను, బతిమాలాను. ససేమిరా అంది.

అప్పుడు స్రవంతి ఝాన్సీ అనే అమ్మాయిని వెతికి పట్టుకుంది. ఈ అమ్మాయిదీ పెళ్లి ఫోటోల పనే. కాకపోతే నిలబెట్టదు, కూర్చోబెట్టదు, ఇటు చూడండి అనదు. జరిగేది జరుగుతుంటే పక్కనుంచి తీసుకుంటుంది, అంతే. నాకు నచ్చలేదు. "ఎవరూ కెమెరా వంక చూడని ఫోటో ఫోటో ఎలా అవుతుందే? స్టేజీ మీద వరసగా నిలబడకపోతే ఎవరొచ్చారో ఎవరు రాలేదో ఎలా తెలుస్తుంది?" అన్నాను. స్రవంతి నా పక్కన కూర్చుని, "నాన్నా, అమ్మను నవ్వండి అని అడగని మనిషి నాకు కావాలి" అంది. సరే పిలవమన్నాను.

పెళ్లి వారం ఉందనగా ఝాన్సీ ఇంటికి వచ్చింది. కెమెరా సంచీ చెప్పుల పక్కనే పెట్టేసి, రత్నం చిక్కుడుకాయలు ముందేసుకుని కూర్చుంటే తనూ వెళ్లి నేల మీద చతికిలబడింది. "గవి ఇటియ్యండి ఆంటీ, నేను గూడ ఈనెలు తీస్త" అంది. చిక్కుడుకాయలు అయిపోయినా ఆ సంచీ విప్పలేదు. నాకు ఆత్రం ఆగక, "ఏమ్మా, ఫోటోల సంగతి మాట్లాడవా?" అన్నాను.

"మాట్లాడేదేముంది అంకుల్, మీరు నన్ను మర్చిపోవాలె. నేనున్ననని మీకు యాదికొచ్చిందంటే ఫోటో ఖరాబైతది" అంది.

రత్నం కొంగు అడ్డం పెట్టుకునే అడిగింది, "నేను లేకుండా తియ్యగలవా అమ్మా?"

ఆ పిల్ల అయ్యో అనలేదు, మీరు బాగున్నారాంటీ అని కబుర్లు చెప్పలేదు. "ఒక పని చేద్దాం. మీరున్న ఫోటోలు మొదలు మీకే చూపిస్త. స్రవంతికి గూడ చూపియ్య. మీరు వద్దన్నది అక్కడ్నే తీసేస్త. ఎవరూ చూడరు. ఇది నా మాట" అంది.

రత్నం మర్నాడు పొద్దున కాఫీ ఇస్తూ, "కొంగు అడ్డం పెట్టుకుని కూర్చుంటాను మరి, తియ్యమని ఎవరూ అనకూడదు" అంది. నాకు అదే పదివేలు అనిపించింది.

ఇక పెళ్లినాడు వినవమ్మా! ఝాన్సీ చెప్పులు లేకుండా, మామూలు చుడీదారు వేసుకుని మండపం మూల కూలబడింది. పెళ్లంటే మనకు అలవాటే కదా, ఫోటోలవాళ్ల వీపులు చూసి అక్షింతలు విసిరి రావడం. ఈసారి జీలకర్రా బెల్లం అందరికీ కనపడింది. మళ్లీ ఒకసారి పెట్టండి అన్నవాడు లేడు. నాగరత్తమ్మ పిన్ని నా దగ్గరికి వచ్చి, "ఒరే కోటీ, ఫోటోలవాళ్లను పిలవడం మర్చిపోయావట్రా?" అని చెవిలో అడిగింది కూడా!

దానికి ముందు జరిగిన కన్యాదానం సంగతి చెప్పాలి నీకు. నేనూ రత్నం పీటల మీద కూర్చున్నాం. రత్నం ఒక చేత్తో నీళ్ల చెంబు, ఒక చేత్తో నోటికి కొంగు. అల్లుడి కాళ్లు పళ్లెంలో పెట్టించారు. రత్నం నీళ్లు పోస్తోంది, నేను కడగాలి. అరికాలు తాకానో లేదో, అతను కాలు వెనక్కి లాగాడు. నా చేతులు మోటువేమో, సైకిలు చెయిన్లు పట్టిన చేతులు కదా అనుకున్నాను. ఇంకా మెల్లగా పట్టుకున్నాను. అంతే! కెవ్వుమని అరిచి కాలు గాల్లోకి లేపాడు. పళ్లెం ఎగిరింది. నీళ్లన్నీ పంతులుగారి ఒళ్లో! అల్లుడికి చక్కిలిగింతలు అక్కయ్యా! మెల్లగా పట్టుకునేసరికి ఇంకా ఎక్కువైంది!

పంతులుగారు పంచె దులుపుకుంటూ, "కన్యాదాతగారూ, గట్టిగా పట్టుకోండి, వదిలేస్తే ఇటునుంచి ఇటే కాశీకి పోయేట్టున్నాడు!" అన్నారు.

వియ్యపురాలు యాదమ్మగారు వెనకనుంచి ఒకటే మొత్తుకోలు, "అయ్యో వదినా, మావోనికి చిన్నప్పటి సంది గిట్లనే! కాలు ముడితే ఎగురుతడు! ముందుగాల్నే చెప్దామనుకున్న, పనిల పడి మర్చిపోయిన!"

అప్పుడు విన్నాను. నా పక్కనుంచి పకపకా నవ్వు. మొదట ఎవరో అనుకున్నాను, అంతకాలమైంది ఆ నవ్వు విని. తిరిగి చూస్తే రత్నం! చెంబు ఒక పక్కకు వాలిపోయింది, కొంగు ఒళ్లోకి జారిపోయింది, కళ్లమ్మట నీళ్లు కారుతున్నాయి, ఆపుకోలేక నవ్వుతోంది. మండపం అంతా నవ్వుతోంది. యాదమ్మగారు వచ్చి రత్నం భుజం మీద వాలి నవ్వుతోంది. కెమెరా సంగతి నాకు గుర్తే లేదు. ఆ తర్వాత తలంబ్రాల దాకా రత్నం కొంగు సర్దుకోలేదు. నేను గమనించాను గానీ గమనించినట్టు కనపడలేదు, కనపడితే సర్దుకుంటుందేమోనని భయం.

కానీ ఇంటికొచ్చాక మళ్లీ మామూలే. కొంగు నోటికి వచ్చేసింది. అమ్మాయి అత్తవారింటికి వెళ్లాక ఇల్లు ఇంకా బావురుమంది. నేను ఏవేవో కబుర్లు తెచ్చి చెబుతున్నా ఊ కొట్టేది, అంతే. ఆ నవ్వు ఆ ఒక్కరోజుకే వచ్చి పోయిందనుకున్నాను. నిజం చెబుతున్నాను అక్కయ్యా, రాకపోయినా బాగుండేదేమో అని కూడా అనిపించింది.

నిన్న ఝాన్సీ లాప్‌టాప్ పట్టుకుని వచ్చింది. ఇచ్చిన మాట ప్రకారం, ముందు రత్నానికే. నన్ను బాల్కనీలోకి పొమ్మంది, పోయాను. తలుపు సందులోంచి మాటలు వినపడుతున్నాయి. "తీసెయ్యమ్మా." టక్కుమని ఒక నొక్కుడు. "ఇదీ తీసెయ్." మళ్లీ నొక్కుడు. ఆ పిల్ల ఉంచండి ఆంటీ అని ఒక్కసారి కూడా అనలేదు. నేను ఆ కార్ల వరస చూస్తూ, ఒక్కటైనా ఉంచు తండ్రీ అని దండం పెట్టుకుంటూ నిలబడ్డాను. ఇంతలో మాటలు ఆగిపోయాయి. నొక్కుడూ లేదు. ఎంతసేపటికీ ఏమీ వినపడకపోతే ఉండబట్టలేక లోపలికి వచ్చాను.

ఆ ఫోటో ఉంది తెర మీద. అల్లుడి కాలు గాల్లో, పళ్లెం గాల్లో, పంతులుగారి చేతులు గాల్లో. మధ్యలో రత్నం నవ్వుతోంది. మూతి ఒక పక్కకు పోయింది, ఉన్నదున్నట్టు కనపడుతోంది, దాచిందేమీ లేదు. కానీ ఆ కళ్లు చూస్తే మూతి వంక ఎవరు చూస్తారు! పక్కన నేనున్నాను, భయపడి నోరు ఇంత తెరిచి.

రత్నం తెర మీదకు వంగి చూసింది. చూసి చూసి, నా వైపు తిరిగి, "ఏవండీ, నా మూతికంటే మీ మూతే వంకరగా ఉంది" అంది.

అని నవ్వింది అక్కయ్యా! కొంగు లేకుండా, మా ఇద్దరి ముందూ! తన మూతి మీద తనే జోకు వేసుకుంది! నేను నోరు తెరుచుకుని చూస్తున్నాను. "చూడమ్మా, ఇప్పుడు కూడా అలాగే పెట్టారు మొహం" అని ఆ పిల్లకు చూపించి మళ్లీ నవ్వింది. ఝాన్సీ కెమెరా తీయలేదు, ముక్కు తుడుచుకుంటూ కూర్చుంది. "ఇది తీసెయ్యకు. ఇది పెద్దది చేయించి ఆ టీవీ పైన పెట్టండి, అల్లుడు వచ్చినప్పుడల్లా చూసి సిగ్గుపడాలి" అంది రత్నం. ఇవాళ సాయంత్రం కింద బెంచీ దగ్గరికి కూడా వెళ్లింది. నేను బాల్కనీలోంచి తొంగి తొంగి చూస్తే, కిందనుంచే చెయ్యి ఊపి లోపలికి పొమ్మంది.

ఇప్పుడు ఆ ఫోటో తీసి చూడు. చూశావా? ఆ నోరు తెరిచినవాణ్ణి నేనే.

మాకు తిండికి ఏ లోటూ లేదు. గోంగూర మాత్రం ఇక్కడ దొరికేదానికి ఆ పులుపు లేదు, వచ్చేవాళ్లెవరైనా ఉంటే ఒక సీసా పచ్చడి పంపు. డాక్టరు చెప్పేదాకా కాలు కింద పెట్టకు, బావగారు చేసింది ఎలా ఉన్నా తిను. నీ కాలు నడవడం మొదలుపెట్టగానే మీరిద్దరూ వచ్చి కొన్నాళ్లు ఉండాలి, అల్లుణ్ణి పిలిపించి నీ చేత అరికాలు తాకిస్తాను. పిల్లలిద్దరికీ నీ దీవెనలు పంపు, మాకూ పంపు. పెద్దవాళ్లందరికీ మా నమస్కారాలు, చిన్నవాళ్లకు ముద్దులు.

నీ తమ్ముడు
కోటేశ్వరరావు

ఈ సంగతి ఎవరెవరికి చెప్పాలో రాద్దామని కూర్చుంటే రత్నం వెనకనుంచి చూసి, "అంతమందికి వదినగారెందుకు చెప్పడం, కాలు బాగాలేని మనిషి! పెద్ద ఫోన్లు ఉన్నవాళ్లందరికీ నేనే వీడియో కాల్ చేస్తాను" అంది. వీడియో కాల్ అక్కయ్యా! కాబట్టి నువ్వు చెప్పవలసింది ఆ ఫోన్లు లేనివాళ్లకే:

బావగారికి. మొదట ఆయనకే, గట్టిగా చదివి వినిపించు.

నాగరత్తమ్మ పిన్నికి. ఫోటోలవాళ్లను పిలిచామని, ఇదిగో రుజువని చూపించు.

పెద్ద మామయ్యకు. రత్నం కోసం శనివారాలు ఒంటిపూట ఉంటున్నాడట, ఇక రెండు పూటలా తినమను.

నా షాపు పక్క టీకొట్టు సాంబయ్యకు. చుట్టం కాకపోయినా చుట్టమే.

మా అత్తగారికి. ఆవిడకు చూపు ఆనదు, ఫోటో ఇచ్చి లాభం లేదు. బావగారిని పంపి, చెవి దగ్గర కూర్చుని, మీ అమ్మాయి పీటల మీద కూర్చుని పదిమందిలో పకపకా నవ్విందని చెప్పమను. ఒకసారి చెబితే నమ్మదు. నమ్మేదాకా చెప్పమను.