పులుపు చెట్టు

మామా, నువ్వు పోయి నేటికి ఏడాది. నువ్వు నాటిన బత్తాయి తోట చేతులు మారింది. నీ కొడుకులు అమ్మేస్తే కంభం నుంచి ఒక మేడమ్ కొన్నది. మేస్త్రీగా నన్నే ఉంచింది. నా అందం చూసి కాదులే, ఆ బోరు మోటారు నా మాట తప్ప ఎవరి మాటా వినదు గనక.

నిన్న మొదటి కోత. కోతకొచ్చే ఆడవాళ్లు ఇళ్లకు తీసుకుపోవాలని నువ్వు చివరి వరసలో ఒక చెట్టు వదిలేవాడివి కదా. దాన్నీ వ్యాపారికి ఇచ్చేస్తుందేమోనని నాకు భయం పట్టుకుంది. అందుకే ముందే ఒక అబద్ధం చెప్పాను.

"అది పులుపు చెట్టు మేడమ్. ఎవురూ కొనరు."

ఆమె ఒక కాయ తెంపి, ఒలిచి, నా ఎదుటే ఒక్కో తొనా తిన్నది. నేను నేల చూస్తూ నిలబడ్డాను. గంప మోస్తున్న మరియమ్మ వెనక నుంచి అన్నది, "దొరికిపోయినాడు మేస్త్రీ."

మేడమ్ మూతి తుడుచుకుంది.

"శానా పులుపుందన్నా. దీన్ని లారీకి ఎక్కియ్యొద్దు. వీళ్లనే తీస్కపోనీ, ప్రతి కోతకూ."

వెళ్తూ వెళ్తూ ఆ పులుపు కాయలే ఇంకో రెండు తెంపి కొంగులో వేసుకుంది.

నీకు బాగా నచ్చేది మామా, ఈ మనిషి.