మూడో నంబరు చేతిరాత

అభ్యర్థికి,

సైన్యంలో లారీ డ్రైవరు ఉద్యోగానికి మీరు పెట్టిన దరఖాస్తు అందింది. పరుగు, ఎత్తు, కంటిచూపు అన్నీ పాసయ్యారు. ఇక మిగిలింది మనసు. జతచేసిన ప్రశ్నలకి స్వయంగా జవాబులు రాసి పంపండి.

ఈ పద్ధతి నేను తయారుచేసిందే కాబట్టి రెండు ముక్కలు చెప్పుకోనివ్వండి. టైపు అక్షరం మనిషిని దాచేస్తుంది. అందుకే మా దగ్గర అన్నీ చేతిరాతే, నాతో సహా. నేను రాసే ప్రతి ఉత్తరానికీ చేతిరాత నకలు ఫైల్లో చేరుతుంది. చేరిన కాగితాన్ని మళ్ళీ తీయడానికి లేదు. నెలాఖరున పేర్లూ హోదాలూ కొట్టేసి, ఒక్కో చేతిరాతకి ఒక్కో నంబరిచ్చి బోర్డుకి పంపుతాం. రాసిందెవరో వాళ్ళకి తెలియదు. రాతని బట్టి ఎవరి మనసు నిలకడగా ఉందో తేలుస్తారు. ఇంతకంటే నిష్పక్షపాతం ఇంకెక్కడా దొరకదు.

ఇట్లు,
మానసిక పరీక్షల విధాన అధికారి

తా.క.: చివరి కాగితం చూసి ఏం కనిపిస్తోందో రాయండి.

•

ఆఫీసరు గారికి,

మీ అభ్యర్థి పిన్ని నమస్కరించి రాసేది. మావాడు లారీని ఇరుకు సందులో కళ్ళు మూసుకుని వెనక్కి తీస్తాడు గానీ, ప్రశ్నాపత్రం చూస్తే వాడి పేరు వాడికే గుర్తురాదు. క్రితం ఏడాది అవకాశం ఇలాగే పోయింది. ఈ నెల దాటితే వాడికి వయసు దాటిపోతుంది. అందుకని వాడికి చెప్పకుండా మీ కవరు నేనే విప్పి, నేనే నింపాను. మా అక్క పోయినప్పటి నుంచి వాడి దరఖాస్తులన్నీ నింపేది నేనే.

ఎవరూ లేనప్పుడు గొంతులు వినిపిస్తాయా అని అడిగారు. వాడికి ఎవరైనా ఉన్నప్పుడే వినిపించవు. భోజనానికి మూడుసార్లు పిలవాలి. శత్రువులున్నారా అన్నారు. ఎదురు వరసలో డ్రైక్లీనింగ్ వాడున్నాడు, మా కుటుంబం మొత్తానికి వాడొక్కడే. చీకటంటే భయమా అన్నారు. దీపం ఆర్పగానే గురక మొదలవుతుంది, ఇక భయపడే తీరికెక్కడిది?

ఇట్లు,
పిన్ని

తా.క.: చివరి కాగితం మీద ఎవరో సిరా ఒలకబోశారు. మాది లాండ్రీ. మరకని చూస్తూ ఊరుకోలేక ఉప్పూ నిమ్మరసం వేసి రుద్దాను. మరక పోయింది. కాగితం కూడా కొంచెం పోయింది.

•

అమ్మా,

ఆ మరక మేం కావాలని వేసింది! ఇరవై ఏళ్ళుగా వేలమంది దాన్ని చూశారు. సీతాకోకచిలుక అన్నారు, గబ్బిలం అన్నారు. ఉతికింది మీరొక్కరే.

అభ్యర్థి బదులు పిన్నులు రాయడం నిబంధనలకి విరుద్ధం. కొత్త ప్రశ్నలూ కొత్త మరకా పంపుతున్నాను. దయచేసి అబ్బాయికి ఇవ్వండి.

ఇట్లు,
విధాన అధికారి

తా.క.: ఉతకొద్దు.

•

ఆఫీసరు గారికి,

ఉతకలేదు, చూశాను. అందులో నాకు ఒంగిపోయిన నిబ్బు, వణికే చెయ్యి కనిపించాయి. మీ ఉత్తరం వెనక్కి తిప్పి తడిమితే అక్షరాలు పొక్కుల్లా తగిలాయి. అంత గట్టిగా నొక్కి రాశారు. ముప్పై ఏళ్ళుగా జనం చొక్కాలు ఉతుకుతున్నదాన్ని, కాలరు నలిగిన తీరు చూసి మనిషి పడుకున్నాడో లేదో చెప్పగలను. బాబూ, మీకు నిద్ర లేదు.

కవరు మాత్రం వాడికివ్వలేదు. ఇస్తే మళ్ళీ చేతులు చెమటలు పట్టి చతికిలబడతాడు. వాడు వెళ్ళిపోతే ఇస్త్రీ బల్ల దగ్గర నేనొక్కదాన్నే అని తలుచుకుంటే ఏడుపొస్తుంది. అయినా వాడికి ఉద్యోగం రావాలి. చిన్నప్పటి నుంచి వాడు ఇంకేదీ అడగలేదు.

ఇట్లు,
పిన్ని

తా.క.: పడుకోబోయే ముందు గోరువెచ్చని పాలు తాగండి. తాగారో లేదో తిరుగు టపాలో రాయండి.

•

అమ్మా,

నేను కోపంగా లేను. ఈ మాట మూడుసార్లు రాసి మూడుసార్లు కొట్టేశాను, కోపంతో కాదు. నాకు నిద్ర బ్రహ్మాండంగా పడుతుంది, నిన్న గంటన్నర పట్టింది. ఇక్కడ ప్రశ్నలు అడిగేది నేను! జవాబు చెప్పేది మీరు! కాదు, మీరు కూడా కాదు, మీవాడు! ఇరవై ఏళ్ళలో నన్ను ఎలా ఉన్నావని అడిగినవాళ్ళు లేరు, అడగాల్సిన అవసరమూ లేదు, అది మా ఫారంలోనే లేదు!

ఇట్లు,
అధికారి

తా.క.: పాలు తాగాను. పనిచెయ్యలేదు.

•

బాబూ,

మీ ఉత్తరం చదివి నా గుండె జారిపోయింది. మిమ్మల్ని కాదు, మావాణ్ణి తలుచుకుని. సాయం చేద్దామని దిగి వాడి నోటి దగ్గర కూడు నేనే పడగొట్టానేమో. నేను రాసినవన్నీ చించెయ్యండి. తప్పు నాది, వాడికి ఈ సంగతే తెలియదు. మీ కాళ్ళు పట్టుకుంటాను.

ఇట్లు,
పిన్ని

తా.క.: పాలల్లో చక్కెర వేశారా?

•

పిన్నిగారికి,

ఈ ఉత్తరం ఇంటి నుంచి రాస్తున్నాను. చించడానికి వీల్లేదని రూలు రాసింది నేనే కదా, అందుకని ఫైలు ఉన్నదున్నట్టు బోర్డుకి వెళ్ళింది. అందులో మూడు చేతిరాతలున్నాయని మూడు ఫలితాలు వచ్చాయి.

ఒకటో నంబరు రాత దరఖాస్తు అడుగున ఉన్న సంతకం ఒక్కటే. ‘చుట్టూ ఇంత రభస జరుగుతున్నా ఒక్క ముక్క రాయకుండా నిబ్బరంగా ఉన్నాడు. ఈ ఫైల్లో మనసు నిలకడగా ఉన్నది ఇతనొక్కడికే. వెంటనే తీసుకోవాలి’ అన్నారు. మీవాడికి ఉద్యోగం వచ్చిందమ్మా. ఇప్పుడైనా ఆ కవరు సంగతి చెప్పండి.

రెండో నంబరు మీరు. ‘ధైర్యం, ఆజ్ఞాపించే శక్తి మెండు. సరిహద్దుకి పంపవచ్చు. అవతలివాళ్ళ మీద జాలి ఉంటే మానుకోవచ్చు’ అని రాశారు.

మూడో నంబరు: ‘చిరాకు, నిద్రలేమి. ముక్కూ మొహం తెలియనివాళ్ళు చెప్పిన పాలు తాగే స్వభావం. ఇతని దరఖాస్తు తిరస్కరించి నెల రోజులు విశ్రాంతి ఇప్పించాలి.’ నేనసలు దరఖాస్తే పెట్టలేదని చెబుదామని పరిగెత్తాను. నంబరు వెనక ఎవరున్నారో నోరు విప్పకూడదని నా రూలే తీసి నా ముందు పెట్టారు.

ఇట్లు,
మూడో నంబరు

తా.క.: చక్కెర వేశాను. పద్నాలుగు గంటలు పడుకున్నాను.

ఇంకో తా.క.: ఇస్త్రీ బల్ల దగ్గర ఒక్కరే అయిపోతానన్నారు కదా. నాకు నెల రోజులు సెలవు. మరకలు వెయ్యడం ఇరవై ఏళ్ళుగా వచ్చు. తియ్యడం నేర్పుతారా?